పన్నెండు కిలోమీటర్ల ప్రయాణం, జానెడు వేప బెరడు

ఇంతకుముందు ఇక్కడ రాసిన ప్రయాణాలన్నీ రైలెక్కి వెళ్ళినవే. ఇది మాత్రం ఫిల్మ్‌నగర్‌లో మా సందు చివర మొదలై, షేక్‌పేట మీదుగా జూబ్లీహిల్స్ వెళ్ళి, మధ్యాహ్నానికి మళ్ళీ మా సందు చివరే ముగిసింది. అంతా కలిపి పన్నెండు కిలోమీటర్లు. అయినా డెబ్భై ఒకటో ఏట ఇందులో నేను నేర్చుకున్నంత ఏ దూరప్రయాణంలోనూ నేర్చుకోలేదు కనుక రాస్తున్నాను. వేప, తుమ్మ, తెల్లమద్ది బెరడులు ఎలా తీస్తారో, ఎలా ఆరబెడతారో కళ్ళారా చూడాలనుకునేవారికి పనికొస్తుంది.

దీనికి కారణం మా మనవరాలు కృప చిగుళ్ళు. పద్నాలుగేళ్ళ పిల్ల. పళ్ళకు తీగలు వేయించిన దగ్గర్నుంచి చిగుళ్ళు వాచి, బ్రష్ చేసినప్పుడల్లా నెత్తురు కనబడేది. పళ్ళ డాక్టరుగారు శుభ్రం చేసి, తోముకోవడం సరిగ్గా నేర్పి పంపారు. భీమవరంలో మా అమ్మ ఇలాంటి వాటికి వేపచెక్క కషాయంతో పుక్కిలింపించేది, అది చేయవచ్చా అని అడిగాను. "పుక్కిలించి ఉమ్మేయమనండి, మింగనివ్వొద్దు, నేనిచ్చిన మందు మానొద్దు" అన్నారు. అంతవరకు బాగానే ఉంది.

మా సందు చివర ఒక వేపచెట్టు ఉంది. అది ఫలానావారిదని ఎవరూ అనుకోరు. దాని నీడలో యాదగిరి పదహారేళ్ళుగా ఇస్త్రీ బండి నడుపుతున్నాడు. ఎండాకాలంలో ఆ నీడ లేకపోతే, బొగ్గులు నింపిన పెట్టె పట్టుకుని మనిషి గంటసేపు కూడా నిలబడలేడు. ఫిబ్రవరి మొదటి వారంలో నేను ఆ చెట్టు నుంచి బెరడు తీశాను. ఎలా తీశానో వివరంగా చెప్పాలి. ఇష్టమొచ్చినచోట గాట్లు పెట్టి చెట్టును వికారం చేయడం నాకు నచ్చదు. అందుకని కుట్టుమిషను టేపుతో కొలిచి, నడుమెత్తున సుద్దతో పైన ఒక గీత, కింద ఒక గీత గీశాను. ఆ రెంటి మధ్య నాలుగు వేళ్ళ వెడల్పున, కత్తీ ఉలీ పట్టుకుని చెట్టు చుట్టూ తీస్తూ వెళ్ళాను. రెండు ఉదయాలు పట్టింది. గాజు తొడిగినట్టు శుభ్రంగా వచ్చింది. వెనకవైపు జానెడు మాత్రం మిగిలిపోయింది, ఎందుకంటే అక్కడ యాదగిరి బండి చెట్టుకు ఆనించి ఉంది.

జరపమన్నాను. "పెట్టె నిండ బొగ్గులు ఎర్రగున్నయమ్మా. ఇప్పుడు బండి కదిలిస్తే పట్టుచీరెల మీద పడ్తయి" అన్నాడు. పని సగంలో వదలడం నాకు అలవాటు లేదు. అతనిది బద్ధకమేనని మా అపార్టుమెంటులో నలుగురితోనూ అన్నాను కూడా.

ఆ బెరడుతో చేసిన కషాయం నల్లగా సిరాలా వచ్చింది. కృప ఒక్క పుక్కిట పట్టి, "అమ్మమ్మా, ఇది నోట్లో పోసుకునేదా, పెన్నులో పోసుకునేదా?" అని అడిగింది. కోప్పడ్డాను. సరిగ్గా తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి నేర్చుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. మా పనమ్మాయి ద్వారా షేక్‌పేటలో బాలమణి పేరు తెలిసింది. యాభై దాటిన మనిషి, అత్తగారి దగ్గర్నుంచి చెక్కలూ వేళ్ళూ తీసే పని నేర్చుకుంది. "శనారం పొద్దుగాల రండి, చెట్టు కాడికి తీస్కపోత" అని ఫోనులో చెప్పింది. ఆదివారం నాకు చర్చి ఉంటుంది కాబట్టి శనివారమే కుదిరింది.

ఆ శనివారం ఉదయం ఆరూ నలభైకి బయల్దేరాను. పోతూ పోతూ యాదగిరి దగ్గర ఆగి, ఉలి అతని చేతిలో పెట్టి చెప్పాను: "పన్నెండింటికి నీ బొగ్గులు చల్లారతాయి కదా. అప్పుడు బండి జరిపి, ఆ మిగిలిన జానెడూ సుద్దగీత ప్రకారం తీసి, పేపరు మీద పరిచి ఉంచు. గీత దాటకు." అతను ఉలి వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు. "సరేనమ్మా" అన్నాడు.

ఆటో సలీంది. ఉదయం ఏడు నుంచి ఒంటిగంట వరకు, ఆగడాలతో సహా, ఏడువందలకు మాట్లాడుకున్నాను. విడివిడిగా ఆటోలు ఎక్కితే కొంత తగ్గుతుంది గాని, సంచులు మోసుకుంటూ ఎండలో నిలబడాలి. నా సంచిలో కత్తి, టేపు చూసి, "ఏ సిన్మా సెట్టింగ్ అమ్మా? చెట్లు చేస్తున్నరా?" అని అడిగాడు.

"సెట్టింగు కాదు నాయనా, మందు. నిజం చెట్టు బెరడు."

"అచ్ఛా! మా బస్తీల మొన్న సెట్టింగోళ్ళు థర్మాకోల్‌తోని మస్తు మర్రిచెట్టు చేసిన్రు. దానిమీద కాకి సుత కూసున్నది. మీరు మందుకు చెక్క అంటే నాకు కొత్తనే."

షేక్‌పేట ఫ్లైఓవరు కింద నుంచి పాత ఊరి వైపు తిరిగితే, రెండో మలుపు దగ్గర సందు ఇరుకైపోతుంది. అక్కడ్నుంచి నడవాలి, మూడు నిమిషాలు. బాలమణి ఇంటి ముందు అరుగు మీద పాత చీర పరిచి, దాని మీద బెరడు ముక్కలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. పైన రేకు ఉంది, ఎండ పడటం లేదు. మొదటి ప్రశ్న అదే అడిగాను. నేను డాబా మీద నడినెత్తి ఎండలో ఆరబెట్టాను మరి.

"ఎండల పెడ్తే సత్తువ పోతది, పైకి ఎండినట్టుంటది, లోపట పచ్చిగుంటది. బూజు పడ్తది. నీడకు వారం దినాలు ఉండాలె. విరిస్తే పటుక్కుమనాలె" అంటూ ఒక ముక్క విరిచి చూపించింది. పటుక్కుమంది. ఆ తరువాత తుమ్మచెక్క, తెల్లమద్ది చెక్క చేతికిచ్చి వాసన చూడమంది. తెల్లమద్ది గుండెకు వాడతారట. "గది మాత్రం నేను చెప్ప. డాక్టర్‌ని అడిగి రమ్మంట. గుండెతోని ఆటలొద్దు" అంది. ఆ మాటతో ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

నా కషాయం సంగతి, మనవరాలు అన్న మాటతో సహా చెప్పాను. పైన గరుకుగా ఉండే ఎండుపొర గీకేయాలని, లోపలి మెత్తటి బెరడే మందని, అది గీకకపోతే మట్టీ దుమ్మూ మరిగించుకుని తాగినట్టేనని చెప్పింది. "దేంట్ల కాచినరు?" అని అడిగింది.

"ఇనుప మూకుడులో."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సిరానే చేసిన్రు టీచరమ్మా! గా పిల్ల అన్నది నిజమే."

నేను ముప్ఫై మూడేళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాను. బెరడులో ఉండే టానిన్ ఇనుముతో కలిస్తే నల్లబడుతుందని, పూర్వం సిరా అలాగే చేసేవారని ఏటా బోర్డు మీద రాసినదాన్ని. వంటగదిలోకి వెళ్ళేసరికి ఆ బోర్డు తుడిచేసినట్టయింది. స్టీలు గిన్నె గాని, మట్టిపాత్ర గాని వాడాలి. పాఠకులు రాసుకోండి.

ఎనిమిదిన్నరకు జూబ్లీహిల్స్ బయల్దేరాం. అక్కడ ఒక పాత బంగళా తోటలో ఆరు వేపచెట్లున్నాయి. యజమాని అనుమతితో బాలమణి కుటుంబం నలభై ఏళ్ళుగా అక్కడ బెరడు తీస్తోంది. ఆ బంగళాను ఇప్పుడు షూటింగులకు అద్దెకిస్తున్నారు. ఆ రోజు సీరియల్ తీస్తున్నారు. గేటు దగ్గరే ప్రొడక్షన్‌వాళ్ళు మాకు పెసరట్టు పెట్టారు. డబ్బు తీసుకోమంటే, "బాలమణక్క మనిషి దగ్గర తీసుకుంటామా అండీ" అన్నాడు వడ్డించే అతను. ఉప్మా కూడా వేశాడు. వద్దన్నా వినలేదు.

బాలమణి చెట్టు దగ్గరికి వెళ్ళగానే కత్తి తీయలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి మొదట్లో పోసింది. నా వైపు తిరిగి, "ఎవరికి మందు? పేరు చెప్పున్రి" అంది.

"కృప."

"కృపకు చిగుళ్ళు నొస్తున్నయి తల్లీ. జరంత ఇయ్యి" అని చెట్టుతో చెప్పి, అప్పుడు కత్తి తీసింది. ఇది మూఢనమ్మకమా అని నేనడగలేదు. ఎంత అవసరమో ముందు నోటితో చెప్పుకుంటే అంతకు మించి కోయబుద్ధి కాదని నాకనిపించింది.

ఇక్కడ పని మామూలుగా పావుగంటలో అయిపోవాలి. నిలువుగా రెండు గాట్లు పెట్టి, చెక్కసుత్తితో తడితే బెరడు పట్టీలాగా వదులవుతుంది. కానీ మొదటి దెబ్బ పడగానే లోపల్నుంచి "సౌండ్! ఎవరది?" అని కేక వచ్చింది. వాకీటాకీ పట్టుకున్న అమ్మాయి పరుగెత్తుకొచ్చి, షాట్ మధ్యలో కొట్టొద్దని చేతులు జోడించింది. అప్పట్నుంచి లోపల "కట్" అనగానే బాలమణి నాలుగు దెబ్బలు కొట్టడం, "యాక్షన్" అనగానే ఆపడం. లోపల ఒక అత్తగారు కోడలికి క్షమాపణ చెప్పే సన్నివేశమట. ఆ అత్తగారు ఎంతకీ క్షమాపణ సరిగ్గా చెప్పడం లేదు. "గామె సారీ చెప్పేదాంక మన చెక్క ఊడది" అంది బాలమణి.

అలా కూర్చున్నప్పుడే చెట్టు మానును జాగ్రత్తగా చూశాను. పాత గాయాల మచ్చలు బోలెడు. అన్నీ నిలువుగా, సన్నగా, అరచేయి వెడల్పు మించకుండా, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. అంచుల నుంచి కొత్త బెరడు పెదవుల్లా ఉబ్బి మూసుకుంటోంది. "గిది మా అత్త తీసింది, నా పెండ్లి కాకముందు" అని ఒక మచ్చ చూపించింది. వేలితో తడిమితే గాని తెలియడం లేదు.

నేను కొంచెం గర్వంగానే అన్నాను: "నేనైతే ఇలా ముక్కలుముక్కలుగా తీయలేదు. కొలత ప్రకారం ఒక్కచోటే, చెట్టు చుట్టూ పట్టీలాగా తీశాను."

బాలమణి చేతిలో సుత్తి ఆగింది. అప్పుడు లోపల షాట్ ఏమీ జరగడం లేదు.

"సుట్టూర తీసిన్రా?"

"పూర్తిగా కాదు. జానెడు మిగిలింది. ఈరోజు పన్నెండింటికి అదీ తీయమని చెప్పి వచ్చాను."

"అయ్యో టీచరమ్మా! చెట్టు మెడకు తాడేసిన్రు గద! ఆకులు వండిన అన్నం బెరడులకెల్లే భూమిల ఏర్లకు దిగేది. సుట్టూర తీస్తే ఏర్లకు బువ్వ ఉండదు. ఆకులు కొన్ని దినాలు పచ్చగనే ఉంటయి, మనకు తెల్వది. కింద ఏర్లు ఆకలికి సస్తయి. ఏడాది తిరగకముందే చెట్టు పోతది. గా జానెడే ఇప్పుడు దాని పానం. ఫోన్ చెయ్యున్రి, జల్ది!"

పదకొండూ పదిహేను. యాదగిరికి ఫోను చేశాను. మోగుతోంది, తీయడం లేదు. మళ్ళీ చేశాను. అప్పుడు గుర్తొచ్చింది. అతని ఫోనులో పాట పెద్దగా మోగుతోందని, సందంతా వినబడుతోందని, దాన్ని సైలెంటులో పెట్టించింది నేనే. నేను చెప్పిన పని మా సందులో ఎవరూ చేయకుండా ఉండరు. అదీ నా భయం. పన్నెండంటే పన్నెండుకే అతను ఉలి పట్టుకుంటాడు, గీత దాటకుండా తీస్తాడు.

బెరడు సంచిలో వేసుకుని గేటు వైపు నడిచాం. గేటుకు వెళ్ళే దారి వరండా ముందు నుంచే. అక్కడ కెమెరా పెట్టి, దారి మూసేశారు. "రెండు నిమిషాలు అమ్మా, షాట్ అయిపోతుంది" అంది వాకీటాకీ అమ్మాయి. రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి. అత్తగారు క్షమాపణ మొదలుపెడుతుంది, మధ్యలో మాట తడబడుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. పదకొండూ నలభై. పరీక్షహాలులో ముప్ఫై మూడేళ్ళు ఎవర్నీ కదలనివ్వనిదాన్ని, "యాక్షన్" అన్న తరువాత, బెరడు సంచి భుజాన వేసుకుని, కెమెరాకూ అత్తగారికీ మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయాను.

"కట్! ఎవరండీ ఆవిడ?" అని డైరెక్టరు అరిచాడు.

"ఒక చెట్టు పానం మీదికొచ్చింది సారూ, ఏమనుకోకున్రి!" అంది నా వెనకే వస్తున్న బాలమణి.

 ఆ అత్తగారే, కన్నీళ్ళు తుడుచుకోకుండా, "వెళ్ళనివ్వండి పాపం, నాకూ నీళ్ళు కావాలి" అంది. ఆవిడకు నేను రుణపడి ఉన్నాను.

సంగతి వినగానే సలీం ఆటో స్టార్ట్ చేశాడు. "ఫికర్ నక్కో అమ్మా, నేనున్న గద" అని, పెద్దరోడ్డు మీద రద్దీ ఉంటుందని లోపలి సందుల్లోంచి, నాకు ఇరవై ఏళ్ళుగా తెలియని దిగుడు దారిలో పోనిచ్చాడు. మా సందు మలుపు తిరిగేసరికి పన్నెండు దాటి ఆరు నిమిషాలు.

బండి కదల్లేదు. చెట్టుకు ఆనించి అక్కడే ఉంది. యాదగిరి బట్టలు మడత పెడుతున్నాడు. నేను దిగీ దిగకముందే, "బొగ్గులు ఇంకా చల్లారలేదమ్మా" అన్నాడు.

ఇస్త్రీ పెట్టె మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. మూత తీసి చూశాను. బూడిద కూడా లేదు, అసలు నిప్పు వేయనేలేదు.

"యాదగిరీ, ఇందులో బొగ్గులేవి?"

తల దించుకున్నాడు. "అబద్ధం చెప్పినమ్మా. ఆ దినం సుత అబద్ధమే. చెట్టు సుట్టూర చెక్క గీకితే ఎండుతదని మాకు చిన్నప్పటి సంది ఎరుకనే. మా నాయిన గొర్లు కాసెటోడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయినమ్మా. 'నేను ముప్పై మూడేండ్లు సైన్సు చెప్పిన, నువ్వు బట్టల సంగతి చూసుకో' అన్నరు. ఇంకేం చెప్తా? బండి అడ్డం పెట్టిన. పదిహేను దినాల సంది జరపలే. రాత్రి ఇంటికి సుత తీస్కపోలే, చెట్టుకే గొలుసేసి పోతున్న."

ఆ మాట అన్నట్టు గుర్తులేదని ఇక్కడ రాయవచ్చు. కానీ గుర్తుంది. నేను బద్ధకమన్నది, అతను పదిహేను రోజులు కాసిన కాపలా. సందులో నిలబడి, సలీం, బాలమణి వింటుండగానే, "తప్పు నాది యాదగిరీ, క్షమించు" అన్నాను. షూటింగులో ఆవిడకు అంతసేపు ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైంది. 

అతను కంగారుపడి, "అట్లనకున్రి అమ్మా, పెద్దోళ్ళు" అన్నాడు. బాలమణి మాత్రం, "అననియ్యన్నా. నీళ్ళు పోసి పేరు చెప్పినంత పుణ్యం" అని నవ్వి, పనిలోకి దిగింది. ఎర్రమట్టి, ఆవుపేడ కలిపి గాయం మీద మందంగా మెత్తింది. యాదగిరి తన బండి మీద పరిచే పాత దుప్పటి చింపి కట్టు కట్టాడు. ఎండిన నడిమి భాగంలో బెరడు వెంటనే రాదని, అంచుల నుంచి మెల్లగా రావాలని, మిగిలిన జానెడు మీద గోరు కూడా పడకూడదని బాలమణి చెప్పింది. సలీం ఒంటిగంట దాటినా అదనంగా ఏమీ తీసుకోలేదు. "చెట్టు ఖాతాల" అన్నాడు.

ఆమె తెచ్చిన బెరడు వారం రోజులు నీడన ఆరింది. దంచి, రెండు చెంచాల పొడి అరలీటరు నీళ్ళలో స్టీలు గిన్నెలో సగమయ్యేదాకా మరిగించి, గుడ్డతో వడకట్టాను. తేనెరంగులో వచ్చింది. కృప గోరువెచ్చగా పుక్కిలించి, ముఖం ముడిచి, "చేదుగానే ఉంది, కానీ ఇది మందులా ఉంది" అంది. డాక్టరుగారి మందు, సరైన బ్రషింగు, ఈ కషాయం, ఏది ఎంత పనిచేసిందో నేను చెప్పలేను. నెత్తురు మాత్రం ఆగింది.

ఇది ఏప్రిల్‌లో రాస్తున్నాను. మార్చిలో చెట్టు ఎప్పటిలాగే ఎర్రటి లేత ఇగుర్లు వేసింది. ఆ కొమ్మలన్నిటికీ, కింద వేళ్ళన్నిటికీ మధ్య దారి ఆ జానెడే. కట్టు అంచున వేలు పెడితే ఉబ్బు తగులుతోంది. చెట్టు గండం గట్టెక్కిందని ఇప్పుడే అనలేను, వచ్చే ఏడు తెలుస్తుంది. ప్రతి ఉదయం ఒక చెంబు నీళ్ళు పోస్తున్నాను. ఎవరికోసం అని చెట్టు అడిగితే చెప్పడానికి ఇప్పుడు చాలా పేర్లున్నాయి: అడ్డంగా బండి పెట్టినవాడు, సుత్తి ఆపినామె, సందుల్లోంచి తీసుకొచ్చినవాడు, షాట్ పోయినా వెళ్ళనివ్వమన్న ఆ అత్తగారు. దేవుడు నా ప్రార్థనలు నేననుకున్న మనుషుల ద్వారానే తీరుస్తాడనుకునేదాన్ని. మా ఇస్త్రీ బండి వైపు చూసినప్పుడల్లా ఆ అభిప్రాయం మార్చుకుంటున్నాను.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవారికి ఒకటే సూచన. బెరడు నిలువుగా, అరచేయి వెడల్పు మించకుండా, ఒక్క పక్కనే తీయండి. కత్తి పెట్టేముందు ఆ చెట్టు నీడలో రోజూ ఎవరు నిలబడతారో వాళ్ళను అడగండి. అడిగాక, వాళ్ళు నోరు తెరిచేదాకా మీరు మాట్లాడకండి.